మైకక్క రాక్షసుల పాట్లు

బస్టాండులో ఆవిడ అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. డ్రైవర్లకు, కండక్టర్లకు, పళ్ళబండి వాళ్ళకు, చివరికి పై అధికారికి కూడా ఆవిడ మైకక్కే. ప్లాట్‌ఫారాల మధ్య అద్దాల గది ఒకటి ఉంటుంది. అందులో ఒక చెయ్యి విరిగిన కుర్చీ, తల తిప్పడం మానేసిన టేబుల్ ఫ్యాను, ముందు మైకు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఆలస్యంగా వస్తుందో, ఏది రద్దయిందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఒక్కో మాటా విడివిడిగా, గింజలు ఏరి పోసినట్టు చెబుతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

మూడోసారి చెప్పి మైకు కట్టేసిన మరుక్షణం ఎవరో ఒకరు అద్దం మీద టకటకా కొడతారు.

"అమ్మా, ఆ బస్సు ఎక్కడ ఆగుతుందండీ?"

"ఇప్పుడే కదండీ చెప్పాను!"

"ఏమోనమ్మా, మైకులో ఏదో గోలగా ఉంది. వినపళ్ళేదు."

ఆ గోల తన గొంతేనని ఆవిడ చెప్పదు. పళ్ళు నూరుకుని నాలుగోసారి చెబుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడకు అబ్బినవి రెండే రెండు: చక్కటి ఉచ్చారణ, ముక్కు మీద కోపం.

అలాంటి మనిషి సెలవు రోజున కూడా నలుగురిని కూర్చోబెట్టుకుని, వినమని బతిమాలే పని ఎందుకు నెత్తికెత్తుకుందో ఆవిడకే అర్థం కాదు. తప్పంతా తమ్ముడిది. తమ్ముడు వెల్డరు. ఎవరి దగ్గరో చూసి, ఒక ఆట తాలూకు డబ్బా పట్టుకొచ్చాడు. అందులో చిన్న చిన్న బొమ్మలు, లావుపాటి నియమాల పుస్తకం, వింత వింత పాచికలు ఉన్నాయి. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. ఒకరు గొడ్డలి వీరుడు, ఒకరు మంత్రగత్తె, అలాగన్నమాట. ఇంకొకరు ఆట నడుపుతారు. అడవి ఎలా ఉందో, గుహలో ఏముందో, ఎదురొచ్చిన రాక్షసుడు ఏమన్నాడో చెప్పడం వాళ్ళ పని. మిగతా వాళ్ళు "అయితే నేను ఇలా చేస్తాను" అంటారు. చేసింది ఫలించిందా, బెడిసికొట్టిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

"నువ్వే నడపాలక్కా. నీకు మైకు అలవాటేగా" అన్నాడు తమ్ముడు. అందరూ తలూపారు. ఆవిడ ఒప్పుకునేసింది.

ఆడేవాళ్ళు నలుగురు. తమ్ముడు గొడ్డలి వీరుడు. ఆవిడ భర్త ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆటలో ఆయన ఊరూరా తిరిగే పాటగాడు. భర్త చెల్లెలు, అంటే మైకక్క ఆడపడుచు, పశువుల ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. ఆటలో ఆమె మూలికలు తెలిసిన మంత్రగత్తె. నాలుగో మనిషి పై వాటాలో ఉండే లెక్కల మాస్టారు. రిటైరయ్యాక పొద్దుపోక కిందికి దిగొచ్చారు. ఆయన పాత్ర ముసలి మాంత్రికుడు. నియమాల పుస్తకం మొత్తం చదివిన ఏకైక మనిషి ఆయనే. అదే మైకక్క ప్రాణానికొచ్చింది.

మొదటి ఆటకు ఆవిడ ఒక వంతెన కట్టింది. బస్సుకూ బస్సుకూ మధ్య దొరికిన ఖాళీలో వారం పొడుగునా ఆలోచించి, అట్టముక్కలు కత్తిరించి, రాళ్ళలా కనిపించేలా రంగు వేసింది. ఆదివారం మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ చేరాక గొంతు సవరించుకుంది.

"మంచు కమ్మిన లోయ. లోయ మీద పాత రాతి వంతెన. వంతెన నడిమధ్యలో మేడంత రాక్షసుడు. చేతిలో వేళ్ళతో సహా పెకలించిన చెట్టు. 'నన్ను గెలిచిన వాడే ఈ వంతెన దాటుతాడు' అని గర్జించాడు."

తమ్ముడు అప్పటికే పాచిక పట్టుకున్నాడు. కానీ భర్త చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యా, నమస్కారం. మీకు కుటుంబం ఉందా?"

మైకక్క తడబడింది. "ఉంది" అనేసింది. అదే పెద్ద పొరపాటు.

"సంతోషం. మరి రేపు ఈ పాత వంతెన కూలిందనుకోండి. మీకేదైనా జరగరానిది జరిగితే, పాపం ఆ పిల్లలు ఎవరి మొహం చూడాలి?"

"ఏమండీ, అతను రాక్షసుడు!"

"రాక్షసుడైతే పిల్లలు పిల్లలు కారా? మాస్టారూ, మాటలతో ఒప్పించడానికి నియమం ఉందా?"

"ఉంది" అన్నారు మాస్టారు, పుస్తకం తియ్యకుండానే.

పాచిక పడింది. ఇరవై. రాక్షసుడు చెట్టు పక్కన పడేసి, కాలి బొటనవేలితో బీమా పాలసీ మీద ముద్ర వేసి, వాళ్ళను భుజాన ఎక్కించుకుని లోయ దాటించాడు. వారం రోజులు కష్టపడి రంగులేసిన అట్టవంతెన మీద ఒక్కరు కూడా కాలు పెట్టలేదు.

తర్వాత తోడేళ్ళు. ఈసారి మాటలు రాని జంతువులను పెడితే భర్త నోరు కట్టేసినట్టేనని మైకక్క లెక్క. ఆకలి మీద ఉన్న తోడేళ్ళ గుంపు, ముందు నాయకుడు. వర్ణన రక్తి కడుతుందని "కాస్త కుంటుతూ" అని ఒక మాట చేర్చింది. నర్సమ్మ వెంటనే కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఏ కాలు వదినా?"

"ఏ కాలైతే ఏంటి? అది నిన్ను పీక్కు తినడానికొస్తోంది!"

"ముందు కాలా, వెనక కాలా? నేల మీద ఆనిస్తోందా, ఎత్తి పట్టుకుంటోందా?"

ఆ మధ్యాహ్నమంతా దాని కాల్లో ముల్లు తియ్యడంతోనే సరిపోయింది. తోడేలుకు బుల్లోడు అని పేరు పెట్టి వెంట తెచ్చుకున్నారు.

ఆ తర్వాత పొడుపుకథ అడిగే మాయ తలుపు. తలుపు మొహం కూడా చూడకుండా తమ్ముడు పక్కనున్న గోడకు గొడ్డలితో కన్నం పెట్టాడు. మైకక్క మాస్టారి వైపు దీనంగా చూసింది. కనీసం నియమాల మనిషైనా అడ్డుపడతారని ఆశ.

"గోడ మందం నువ్వు చెప్పలేదమ్మా" అన్నారాయన నెమ్మదిగా. "చెప్పనప్పుడు మామూలు గోడే అనుకోవాలి."

ఆ రాత్రి ఆవిడ భోజనాల దగ్గర గిన్నెలు దభీదభీమని పెట్టింది. భర్త రెండుసార్లు పలకరించి ఊరుకున్నాడు. ఆవిడ బాధ ఓడిపోయానని కాదు. ఈ ఆటలో గెలుపోటములు లేవని ఆవిడకూ తెలుసు. తను చెప్పిన దాంట్లో నుంచి వాళ్ళు ఏదో ఒక పనికిమాలిన ముక్క ఏరుకుని, అసలు సంగతి గాలికి వదిలేస్తున్నారు. వారమంతా బస్టాండులో జరిగేది అదే. ఇంట్లోనూ అదే అయితే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

అందుకే కసిగా ఇనుప గది కట్టింది. కిటికీల్లేవు. గోడలు ఎంత మందమో, తలుపు ఏ లోహమో ముందే చెప్పేసింది. మాట్లాడడానికి ఒక్క ప్రాణి లేదు. నీళ్ళు మెల్లగా పెరుగుతుంటాయి. గోడకు కొన్ని మీటలుంటాయి. పైకప్పు మీద చెక్కిన బొమ్మల వరుస చూసి, అదే వరుసలో మీటలు లాగాలి. అదొక్కటే దారి.

తమ్ముడు గోడ నరుకుతానన్నాడు. "తెగదు." భర్త, తలుపవతల ఎవరైనా ఉన్నారేమో పిలుస్తానన్నాడు. "ఎవరూ లేరు." మాస్టారు నీళ్ళు నిండడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి చెప్పారు. "సరే, అయితే?" అంది ఆవిడ. ఏ పని చెప్పినా అది కుదరదనడమే తప్ప, పాచిక వెయ్యనివ్వలేదు. కాసేపటికి తమ్ముడు ఫోను తీశాడు. భర్త ఆవలింత అరచేత్తో కప్పుకున్నాడు. పైకప్పు గురించి ఒక్కరూ అడగలేదు.

"నీళ్ళు మెడదాకా వచ్చాయి" అంది మైకక్క, సరిగ్గా బస్సు రద్దయిందని చెప్పే గొంతుతో. "తోడేలు మునిగిపోయింది."

నర్సమ్మ తలెత్తింది. "బుల్లోడా?"

"తోడేళ్ళకు ఈత వచ్చమ్మా" అన్నారు మాస్టారు.

"ఈ తోడేలుకు రాదు!"

నర్సమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. మైకక్క చివరికి ఉండబట్టలేక పైకప్పు రహస్యం చెప్పేసింది. "పైకి చూడాలని మాకెలా తెలుస్తుందక్కా?" అన్నాడు తమ్ముడు. "చూడాలి కదా!" అని అరిచి, ఆవిడ కూడా లేచిపోయింది.

వంటింట్లో నర్సమ్మ కడిగిన కప్పులనే మళ్ళీ కడుగుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆట కదా నర్సమ్మా" అంది మైకక్క. ఓదార్పుగా అందామనుకుంది గానీ, విసుగ్గానే వచ్చింది మాట.

"అదే వదినా. ఆట కదా." నర్సమ్మ కుళాయి కట్టేసింది. "నిన్న ఆస్పత్రిలో ఒక ముసలి కుక్క పోయింది. దాన్ని పెంచినాయన దాని గొలుసు చేతిలో పెట్టుకుని వరండాలో అలాగే కూర్చుండిపోయాడు. ఆయనకేం చెప్పాలో నాకు తెలీలేదు. అక్కడ నా చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడ పాచికైనా ఉంటుందని వస్తాను. ఇవాళ నువ్వు అది కూడా వెయ్యనివ్వలేదు."

మైకక్కకు తప్పు తనదేనని తెలుస్తూనే ఉంది. అయినా కోపం చల్లారలేదు. తనమీద కోపం, వాళ్ళమీద కోపం, పైకప్పు వైపు చూడని ఆ నాలుగు తలకాయల మీద కోపం. వెనక్కి వచ్చి, బొమ్మలన్నీ డబ్బాలో కుమ్మరించి మూత పెట్టేసింది.

"ఇక నావల్ల కాదు. మీరే నడుపుకోండి."

నిజంగానే వాళ్ళు నడుపుకోబోయారు. తమ్ముడు నడిపిన రోజున మొదలవుతూనే మూడు డ్రాగన్లు వచ్చాయి. టీ కాగేలోపు మూడూ చచ్చిపోయాయి, ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. భర్త నడిపిన రోజున అందరూ ఒక సత్రంలో దిగారు. సత్రం యజమాని ఎంత కలుపుగోలు మనిషంటే, సాయంత్రం దాకా అతని కష్టసుఖాలు వినడంతోనే సరిపోయింది, గుమ్మం దాటలేదు. ఆ పై ఆదివారం మాస్టారు మెట్ల మీద దాకా వచ్చి, లోపల చప్పుడేమీ లేకపోవడం చూసి తిరిగి పైకి వెళ్ళిపోయారు. ఆయన చెప్పుల చప్పుడు మైకక్కకు వినిపించింది. విననట్టు బట్టలు మడతపెట్టుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు పెద్ద వాన పడింది. రోడ్ల మీద నీళ్ళు నిలిచి బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. బస్టాండు జనంతో కిక్కిరిసిపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మైకు మూగబోయింది. అధికారి వచ్చి, కదిలే బస్సులేవో బయటికెళ్ళి చెప్పమన్నాడు. మైకక్క చేసేది లేక అద్దాల గది వదిలి, ప్లాట్‌ఫారం మీదున్న సిమెంటు బెంచీ ఎక్కి గొంతు చించుకుంది.

ఒక్క తలైనా తిరిగితే ఒట్టు. జనం ఫోన్లు చూసుకుంటున్నారు, పిల్లల్ని కసురుకుంటున్నారు, కాళ్ళు చాపుకుని కునుకు తీస్తున్నారు. ఆవిడ ఒక ఊరి పేరు అరిచింది. స్తంభానికి ఆనుకుని గుర్రు పెడుతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి, సంచి భుజాన వేసుకుని పరుగందుకున్నాడు. ఇంకో ఊరి పేరు అరిచింది. ఏడుస్తున్న పసిపిల్లను ఊరుకోబెడుతున్న తల్లి, ఆ ఏడుపులోనే విని గిరుక్కున తిరిగింది. ఒక్కో పేరుకు ఒక్కో మూల నుంచి ఇద్దరో ముగ్గురో లేస్తున్నారు. మిగతా జనానికి ఆ పేరు చెవిన కూడా పడట్లేదు.

అద్దాల వెనక కూర్చుని ఆవిడ దీన్ని ఎప్పుడూ చూడలేదు. ఎవరి ఊరి పేరు వాళ్ళకే వినబడుతుంది. అంటే ఇన్నేళ్ళుగా తను ఏరి ఏరి పలికినదంతా ఒక్క మనిషి కూడా పూర్తిగా వినలేదన్నమాట. ఇది తెలిసినందుకు ఆవిడకేమీ సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. తడిసిన చీర పిండుకుంటూ ఇంటికొచ్చి, "తలుపు దగ్గర ఆ గొడుగులేంటి, మనుషులు నడవాలా వద్దా" అని అందరి మీదా ఒంటికాలి మీద లేచింది. కానీ భోజనమయ్యాక అటక మీది డబ్బా కిందికి దించింది.

ఈసారి ఆవిడ కట్టింది నదీ తీరంలో ఒక రేవు. అక్కడ పడవెక్కి వాళ్ళు దిగువనున్న నగరానికి పోవాలి. నది ఇరుకైన చోట కొండంత తాబేలు ఇనుప గొలుసులో చిక్కుకుని, దారికి అడ్డంగా పడి ఉంది. మెడ దగ్గర డిప్ప పగిలి గాయమైంది. అది చిక్కడానికి కారణం మీరంటే మీరని రెండు ఒడ్డుల పడవ వాళ్ళూ కొట్టుకు చస్తున్నారు. దారి మూసుకుపోవడంతో నీళ్ళు రేవు మీదికి ఎక్కుతున్నాయి. గొలుసు తమ్ముడి కోసం, గాయం నర్సమ్మ కోసం, తగాదా భర్త కోసం, పెరిగే నీళ్ళూ పడవల బరువులూ మాస్టారి కోసం. నలుగురికీ నాలుగు ఊళ్ళ పేర్లు. తాబేలు ఎలా బయటపడుతుందో మాత్రం ఆవిడ ముందుగా అనుకుని పెట్టుకోలేదు. అనుకోకుండా ఉండడానికి ఎంత అవస్థ పడిందో చెప్పలేం. చేతులు ఊరికే కాగితం మీదికి పోయేవి.

ఆదివారం కబురు పెడితే అందరూ పిలిచిన వెంటనే వచ్చారు. నర్సమ్మ అందరికంటే దూరంగా, కుర్చీ అంచున కూర్చుంది. మైకక్క ముందుగా ఒక మాట చెప్పింది.

"ఆ గదిలోంచి నీళ్ళు బయటికి పోయాక చూస్తే తోడేలు శవం కనపళ్ళేదు. తడి అడుగులు మాత్రం బయటికి పోయి ఉన్నాయి."

"కుంటుతూనా?" అంది నర్సమ్మ.

"లేదు. బాగానే నడిచింది."

నర్సమ్మ కుర్చీ కాస్త ముందుకు జరిపింది. మైకక్క రేవు వర్ణించడం మొదలుపెట్టింది. చెప్పడం అయ్యాక చేతులు కట్టుకుని ఎదురుచూసింది. నలుగురూ తమ తమ ముక్క అందుకుంటారని ఆవిడ ధీమా.

నర్సమ్మ గాయం దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా పడవ వాళ్ళ మధ్యకు వెళ్ళి, ఒకడి తెడ్డు లాక్కుని నేలకేసి కొట్టింది. "మూగజీవం నొప్పితో అరుస్తుంటే మీకు సిగ్గులేదా? ఇంకొక్క మాట మాట్లాడితే ఇద్దర్నీ నీళ్ళలో తోస్తాను!" ఆ అమ్మాయి గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నోరు పెట్టుకు బతికే ఇన్సూరెన్స్ ఏజెంటేమో, "గొలుసు నేను కోస్తాను" అన్నాడు.

"మీరా? మీ చేతిలో ఉన్నది వీణ!" అంది మైకక్క.

"బావమరిది ఆకురాయి అప్పిస్తాడు."

"ఒరేయ్, ఆ గొలుసు నీకోసం పెట్టాన్రా!" అని ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

తమ్ముడు వినట్లేదు. "అక్కా, తాబేలు భయపడుతోందా?"

"ఆఁ... భయపడుతోంది."

"అయితే నేను దాని తల దగ్గర కూర్చుంటా. ఇనుము కోసేటప్పుడు రజను ఎగురుతుంది. కంట్లో పడితే ప్రాణం పోతుంది. నా డాలు దాని కంటికి అడ్డం పెడతా." ఎదురుగా తాబేలు ఉన్నట్టే అరచెయ్యి ఎత్తి గాలిలో అడ్డం పెట్టాడు. "ఏం కాదులే. అటు చూడకు. అయిపోతుంది."

ఆ నలుగురిలో అనుకున్న పని చేసింది మాస్టారొక్కరే. ఎన్ని పడవలు ఏ కోణంలో లాగితే తాబేలు కదులుతుందో లెక్క తేల్చారు. ఆయన కూడా మధ్యలో ఉండబట్టలేక లేచి నిలబడి, "లాగండ్రా!" అని లేని పడవ వాళ్ళను కేకలేశారు. టీ మీద తొరక కట్టింది. చివరి లంకె కొయ్యడానికి భర్త విసిరిన పాచిక బల్ల మీద ఆగకుండా దొర్లి బీరువా కిందికి పోయింది. పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు అని లేకుండా అందరూ నేల మీద బోర్లా పడి, మాస్టారి ఫోను వెలుగులో అది ఎంత పడిందో చూడ్డానికి తోసుకున్నారు. పద్దెనిమిది. నర్సమ్మ కింద పడుకునే చప్పట్లు కొట్టింది. మైకక్క కూడా వాళ్ళ మధ్యే పడుకుని ఉంది. చీరంతా దుమ్ము.

అక్కడితో ఆగితే ఆవిడ సంతోషంగానే లేచేది. కానీ వాళ్ళు నేల మీద నుంచి లేవకుండానే ఇంకో నిర్ణయం తీసుకున్నారు.

"పడవెందుకు? తాబేలు మీదే వెళ్దాం" అంది నర్సమ్మ.

"వెళ్ళండి. నగరం దిగువన ఉంది" అంది మైకక్క. ఆ నగరానికి కోటలు, సందులు, దొంగల ముఠాలు అన్నీ ఎప్పుడో కట్టి పెట్టుకుంది.

"దిగువకెందుకు? గాయపడ్డ ప్రాణి పుట్టిన చోటికే పోతుంది. ఎగువకు."

"ఎగువన ఏమీ లేదు!"

"నది పుట్టేది అక్కడే కదమ్మా. ఏదో ఒకటి ఉండకపోదు" అన్నారు మాస్టారు.

మైకక్క నెత్తి కొట్టుకుంది. మరునాడు అద్దాల గదిలో, ఒక బస్సు గురించి మూడుసార్లు చెప్పి, అద్దం కొట్టినాయనకు నాలుగోసారి చెప్పి, పశువుల ఆస్పత్రికి ఫోను చేసింది.

"నర్సమ్మా, తాబేలు డిప్ప పగిలితే కట్టు ఎలా కడతారు?"

"కట్టు కట్టరు వదినా. శుభ్రం చేసి, పగులు అతికించి, గాయం ఆరేదాకా పొడిగా ఉంచుతారు. అన్నట్టు, నీళ్ళలోకి మాత్రం అస్సలు వదలకూడదు."

మైకక్క ఒక్క క్షణం ఫోను చెవి దగ్గర నుంచి తీసి దానివైపు చూసింది.

"నీళ్ళలోకి వదలకూడదా? మరి నది మధ్యలో దాని వీపు మీద ఎక్కి కూర్చున్న మీ నలుగుర్నీ నేనేం చెయ్యనే తల్లీ?"

"అది నువ్వే చూడాలి వదినా" అంది నర్సమ్మ నవ్వాపుకుంటూ. "నడిపేది నువ్వే కదా."